వరంగల్‌లో రీసెర్చ్ చేయాలంటే: కేయూనా, నిట్టా, ఎంజీఎమ్మా, హైదరాబాదా?

ఎం.ఎస్సీ., ఎం.ఫార్మసీ చివరి సెమిస్టర్‌కి వచ్చిన పిల్లలు ఎక్కువగా అడిగే ప్రశ్న ఒకటే. "కేయూలో (కాకతీయ యూనివర్సిటీలో) పీహెచ్‌డీకి చేరమంటారా, నిట్‌కి ట్రై చేయమంటారా, లేకపోతే హైదరాబాద్ వెళ్లిపొమ్మంటారా?" ఎంబీబీఎస్ పిల్లలు ఇంకో రకంగా అడుగుతారు. "రీసెర్చ్ అంటే ఇష్టమే, కానీ ఎంజీఎం ఆస్పత్రి రద్దీలో అది అయ్యే పనేనా?" ఎవరడిగినా నేను ముందు ఎదురు ప్రశ్న వేస్తాను. మీరు ఏం తెలుసుకోవాలనుకుంటున్నారు? దానికి సాక్ష్యం ఎక్కడ దొరుకుతుంది? పేషెంట్ దగ్గరా, ఏటూరునాగారం అడవిలోనా, మెషిన్‌లోనా, కంప్యూటర్‌లోనా? ఇది తేలితే ఎక్కడ చేరాలన్నది సగం తేలినట్టే. మిగతా సగం గైడ్‌ని బట్టి ఉంటుంది. సంస్థ పేరు ఆ తర్వాతే చూడాలని నా గట్టి అభిప్రాయం. చాలామంది ముందు పేరు చూసి చేరిపోతున్నారు. ప్రశ్న, గైడ్ ఏది దొరికితే అదే అనుకుంటున్నారు. ఆ తర్వాత ఐదారేళ్లు నలిగిపోతున్నారు.

ఈ విషయంలో వరంగల్ వాళ్లది అదృష్టం. నెహ్రూ 1959లో శంకుస్థాపన చేసిన రీజినల్ ఇంజినీరింగ్ కాలేజీ దేశంలోని ఆర్ఈసీలన్నిటిలో మొదటిది. 2002లో అది నిట్ అయింది. కాకతీయ మెడికల్ కాలేజీ కూడా 1959లోనే వచ్చింది, దానికి ఎంజీఎం ఆస్పత్రి అండ. 1976లో కాకతీయ యూనివర్సిటీ వచ్చింది. తెలంగాణ ఏర్పడ్డాక కాళోజీ పేరుతో హెల్త్ యూనివర్సిటీని కూడా ఇక్కడే పెట్టారు. ఒక ఇంజినీరింగ్ సంస్థ, సైన్స్, ఫార్మసీ ఉన్న యూనివర్సిటీ, పెద్దాస్పత్రి ఉన్న మెడికల్ కాలేజీ, ఇవన్నీ ఒకే ఊళ్లో, ఆటోలో వెళ్లొచ్చేంత దూరంలో ఉండటం చిన్న విషయం కాదు. కాబట్టి "ఏదో ఒకటి" అని ఆలోచించేకంటే "దేన్ని సొంతిల్లు చేసుకోవాలి, దేని దగ్గర సాయం తీసుకోవాలి" అని ఆలోచించడం మేలు.

ఒకే ప్రశ్న, నాలుగు చోట్ల

తేడా అర్థం కావాలంటే మన దగ్గరి సమస్య ఒకటి తీసుకుందాం. వానలు పడి పత్తి గింజలు పెట్టే రోజులు మొదలైతే, ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు ఊళ్లలో పాముకాటు భయం మొదలవుతుంది. రాత్రిపూట మోటారు వేయడానికి పొలం వెళ్లే రైతుకి, నేల మీద పడుకునే పిల్లలకి అది రోజువారీ ప్రమాదం. మన దేశంలో దొరికే విరుగుడు ఇంజెక్షన్ నాలుగు పాముల విషానికి కలిపి తయారవుతుంది: నాగుపాము, కట్లపాము, రక్తపింజర, చిన్నపింజర. ఆ తయారీకి కావాల్సిన విషం ఏళ్లుగా ఎక్కువ భాగం తమిళనాడులోని ఇరుల తెగవాళ్ల సహకార సంఘం నుంచే వస్తోంది. ఒకే జాతి పాము అయినా ప్రాంతాన్ని బట్టి విషంలో తేడా ఉంటుందని పరిశోధనల్లో తేలింది. మరి తమిళనాడు పాము విషంతో చేసిన మందు మన గోదావరి ఒడ్డు రక్తపింజర కాటుకి ఎంతవరకు సరిపోతోంది? పాముకాటు మరణాలను 2030 నాటికి సగానికి తగ్గించాలని కేంద్రం 2024లో జాతీయ కార్యాచరణ ప్రణాళిక ప్రకటించింది. అది నెరవేరాలంటే ఇలాంటి ప్రశ్నలకు ఎక్కడికక్కడ జవాబులు కావాలి.

ఇదే ప్రశ్న మీద ఎంజీఎంలో పనిచేసే పీజీ డాక్టర్ ఏం చేయగలడు? కాటు పడిన మనిషి రక్తం రెండు మిల్లీలీటర్లు శుభ్రమైన, పొడి గాజు ట్యూబులో తీసి, కదపకుండా 20 నిమిషాలు ఉంచి గడ్డ కట్టిందో లేదో చూసే పరీక్ష ఉంది. గడ్డ కట్టకపోతే పింజర విషం రక్తం మీద పనిచేస్తోందని అర్థం. ఎంతమందికి విరుగుడు మందు ఎన్ని వయల్స్ (చిన్న సీసాలు) ఇచ్చాక రక్తం మళ్లీ గడ్డ కట్టింది, ఎంతమందికి కిడ్నీ దెబ్బతింది, కాటు పడిన ఎన్ని గంటలకు ఆస్పత్రికి చేరారు, ముందు మంత్రగాడి దగ్గరికి వెళ్లొచ్చారా, ఇవన్నీ క్రమంగా రాసుకుంటే అదే విలువైన పరిశోధన. పెద్ద మెషిన్ ఏదీ అక్కర్లేదు. కావాల్సింది పద్ధతిగా రాసిన కేస్ షీట్, ఓపిక.

కేయూ జువాలజీ, బయోటెక్నాలజీ వైపు చేరితే విషంలోని ప్రొటీన్ల మీద పని చేయొచ్చు. కానీ పాముని పట్టుకోవాలన్నా, విషం తీయాలన్నా 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద అనుమతి కావాలి. ఆ కాగితం రావడానికి పట్టే కాలాన్ని మీ పీహెచ్‌డీ లెక్కలో కలుపుకోవాలి. ఫార్మసీ కాలేజీలో అయితే, మన ఊళ్లలో పాముకాటుకి వాడతారని చెప్పే మొక్కల రసాలు విషంలోని ఎంజైములను అడ్డుకుంటాయో లేదో పరీక్షనాళికలో చూడొచ్చు. పరీక్షనాళికలో ఆగిన విషం మనిషి ఒంట్లో ఆగుతుందని మాత్రం అనుకోవద్దు, ఆ మాట థీసిస్‌లో స్పష్టంగా రాయాలి. "మా మొక్క పాముకాటుకి మందు" అని పేపర్లో వార్త వేయించుకుంటే, దాన్ని నమ్మి ఆస్పత్రికి ఆలస్యంగా వెళ్లిన మనిషి ప్రాణం పోవచ్చు.

నిట్‌లో ఇదే ప్రశ్న వేరే రూపం తీసుకుంటుంది. పీహెచ్‌సీలో నర్సు చేతిలో పట్టుకుని, కరిచింది ఏ రకం పామో కొద్ది నిమిషాల్లో చెప్పే స్ట్రిప్ గానీ సెన్సార్ గానీ తయారు చేయగలమా? అది బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ, ఎలక్ట్రానిక్స్ వాళ్లు కలిసి చేసే పని. హైదరాబాద్‌లో సీసీఎంబీ (కణ, అణు జీవశాస్త్ర పరిశోధన కేంద్రం) లాంటి చోట ఐతే జన్యువుల స్థాయికి, విషం మొత్తం ప్రొటీన్ల పట్టిక స్థాయికి వెళ్లొచ్చు.

నాలుగూ మంచి పనులే. మీకు ఏ పని చేస్తుంటే టైమ్ తెలియదో అక్కడ చేరండి. మనుషులతో మాట్లాడటం ఇష్టం లేనివాళ్లు ఆస్పత్రి డేటా మీద థీసిస్ పెట్టుకోవద్దు. ఏడాదిపాటు ఒకే సర్క్యూట్‌తో కుస్తీ పట్టే ఓపిక లేనివాళ్లు సెన్సార్ జోలికి పోవద్దు.

కేయూ ఎవరికి సరిపోతుంది

జీవశాస్త్రాల విస్తృతి కేయూ బలం. బాటనీ, జువాలజీ, మైక్రోబయాలజీ, బయోటెక్నాలజీ, కెమిస్ట్రీ, వీటి పక్కనే ఫార్మసీ కాలేజీ. టాపిక్ ఎంచుకోవడంలో స్వేచ్ఛ కూడా ఎక్కువే. పెద్ద లేబొరేటరీల్లో గైడ్ ప్రాజెక్టులో ఒక ముక్క మీ చేతికి వస్తుంది. ఇక్కడ మీరే ఒక సమస్య తెచ్చుకుంటే వినే గైడ్లు దొరుకుతారు. మీది ఉత్తర తెలంగాణ అడవుల మొక్కలో, చెరువుల చేపలో, మిర్చి, పత్తి పొలాల మట్టిలోని సూక్ష్మజీవులో అయితే ఇంతకంటే దగ్గరి చోటు లేదు. తెల్లారి బయలుదేరి శాంపిల్ తీసుకుని సాయంత్రానికి ల్యాబ్‌లో ఉండొచ్చు.

ఫార్మసీ గురించి కొంచెం ఎక్కువ చెప్పాలి. మందు కనిపెట్టడం ఒక ఎత్తు, దాన్ని ఒంటికి పట్టే రూపంలోకి తేవడం ఇంకో ఎత్తు. నీళ్లలో కరగని మందుని కరిగేలా చేయడం, రోజుకి మూడుసార్లు వేసుకునే గోలీని ఒక్కసారికి తగ్గించడం, ఇలాంటి పనికి హైదరాబాద్ చుట్టుపక్కల ఫార్మా కంపెనీల్లో నేరుగా ఉద్యోగాలున్నాయి. పీహెచ్‌డీ తర్వాత టీచింగ్ ఉద్యోగం దొరక్కపోతే ఏంటి అని టెన్షన్ పడేవాళ్లకి లైఫ్ సైన్సెస్ కంటే ఫార్మస్యూటిక్స్, ఫార్మా అనాలిసిస్ దారి కాస్త ధైర్యాన్నిస్తుంది. ఇంట్లో పరిస్థితి దృష్టిలో పెట్టుకుని ఎంచుకునే పిల్లలకి నేను ఈ మాట తప్పకుండా చెప్తాను.

ఇబ్బందులు కూడా తెలిసి చేరాలి. రాష్ట్ర యూనివర్సిటీల్లో అధ్యాపక పోస్టుల ఖాళీలు ఏళ్ల నాటి సమస్య. ఉన్న గైడ్ల మీద భారం ఎక్కువ. యూజీసీ (యూనివర్సిటీ గ్రాంట్స్ కమిషన్) 2022 నిబంధనల ప్రకారం ఒక సమయంలో ప్రొఫెసర్ దగ్గర 8 మంది, అసోసియేట్ ప్రొఫెసర్ దగ్గర 6, అసిస్టెంట్ ప్రొఫెసర్ దగ్గర 4 మంది స్కాలర్లే ఉండాలి. సీట్లు ఎందుకు తక్కువో దీన్నిబట్టి అర్థమవుతుంది. నోటిఫికేషన్ ఏటా ఫలానా నెలలో వస్తుందని నమ్మకం పెట్టుకోలేం. గైడ్‌కి ప్రాజెక్ట్ లేకపోతే కెమికల్స్, కిట్లకి స్కాలరే జేబులోంచి పెట్టుకునే పరిస్థితి కూడా ఉంటుంది. ఒక పీసీఆర్ కిట్, ఒక యాంటీబాడీ ధర ఎంతో కనుక్కుంటే మీ టాపిక్ మీకు అందుబాటులో ఉందో లేదో చేరకముందే తెలిసిపోతుంది.

ఒక విషయంలో మాత్రం ఈ మధ్య గొప్ప మార్పు వచ్చింది. ఖరీదైన జర్నళ్లు చదవాలంటే ఒకప్పుడు కేంద్ర సంస్థలో ఉన్న ఫ్రెండ్‌ని బతిమాలుకోవాల్సి వచ్చేది. 2025 జనవరి నుంచి 'ఒకే దేశం, ఒకే చందా' పథకం కింద ప్రభుత్వ ఉన్నత విద్యాసంస్థలకు సుమారు 13,000 జర్నళ్లు అందుబాటులోకి వచ్చాయి. రాష్ట్ర యూనివర్సిటీలకీ అది వర్తిస్తుంది. "అక్కడైతే పేపర్లు దొరుకుతాయి, ఇక్కడ దొరకవు" అన్న కారణంతో ఇక ఊరు మారనక్కర్లేదు. మెషిన్ల విషయంలోనూ ఐ-స్టెమ్ పోర్టల్ ద్వారా దేశంలో ఏ సంస్థలో ఏ పరికరం ఉందో చూసి, ఫీజు కట్టి శాంపిల్ నడిపించుకోవచ్చు. శాంపిల్ పంపి రిజల్ట్ తెప్పించుకోవడం, మెషిన్ ముందు కూర్చుని నేర్చుకోవడం ఒకటి కాదు కాబట్టి, వీలైతే ఆ రోజు మీరే వెళ్లండి.

నిట్ గురించి అందరికీ తెలిసింది, తెలియనిది

డబ్బు సమయానికి వస్తుంది, పరికరాలుంటాయి, ఏటా రెండుసార్లు అడ్మిషన్లుంటాయి, హాస్టల్ ఉంటుంది. ఇవి అందరికీ తెలిసినవే. గేట్ లేదా నెట్ లాంటి జాతీయ అర్హత పరీక్ష స్కోర్ ఉండి, ఫుల్‌టైమ్ సీటు దొరికితే స్టైపెండ్ కోసం వేరే ఎదురుచూపులు ఉండవు. నిట్ యూజీసీ నిబంధనల కింద కాకుండా తన సెనేట్ నిబంధనల మీద నడుస్తుంది. కాబట్టి కోర్సు వర్క్, పబ్లికేషన్ల షరతులు అక్కడి పీహెచ్‌డీ నిబంధనల పుస్తకంలోనే చూసుకోవాలి.

వైద్య పరిశోధన చేయాలని అక్కడికి వెళ్లేవాళ్లు ఆలోచించనిది ఒకటుంది. అక్కడ పేషెంట్లు లేరు. ఈ మధ్య ఎక్స్‌రే చూసి జబ్బు చెప్పే కృత్రిమ మేధ మీద చాలామంది టాపిక్ తీసుకుంటున్నారు. ఇంటర్నెట్‌లో ఉచితంగా దొరికే ఎక్స్‌రేలు ఎక్కువగా విదేశీ ఆస్పత్రులవి. వాటి మీద నేర్చుకున్న ప్రోగ్రామ్ 95 శాతం కరెక్ట్ అని పరిశోధన పేపర్లో వస్తుంది. అదే ప్రోగ్రామ్‌ని టీబీ ఎక్కువగా ఉన్న చోట, పాత మెషిన్‌తో తీసిన మసక ఎక్స్‌రే మీద, బీడీలు చుట్టే నిజామాబాద్, జగిత్యాల ఆడవాళ్ల ఊపిరితిత్తుల మీద నడిపితే ఆ లెక్క నిలబడకపోవచ్చు. ఊరి మనుషుల మీద పరీక్షించని పరికరం ఊరి మనుషులకు పనికొస్తుందని ఎలా చెప్పగలం? అందుకే నిట్‌లో చేరే బయోమెడికల్ స్కాలర్ మొదటి ఏడాదిలోనే ఒక డాక్టర్‌ని కో-గైడ్‌గా పెట్టుకోవాలి. కాజీపేట నుంచి ఎంజీఎం ఎంతో దూరం లేదు. ఆ కాస్త దూరం వెళ్లి వార్డు రౌండ్స్‌లో నిలబడితే, కాగితం మీద అందంగా కనిపించిన మీ పరికరం నర్సు చేతిలో ఎలా ఉంటుందో అర్థమవుతుంది.

మెడికల్ కాలేజీ దారి

ఎంబీబీఎస్‌లో ఉన్నవాళ్లు మొదట చూడాల్సింది ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) షార్ట్ టర్మ్ స్టూడెంట్‌షిప్. 1979 నుంచి నడుస్తున్న ఈ పథకంలో మీ కాలేజీ గైడ్ కింద రెండు నెలల చిన్న పరిశోధన చేయొచ్చు. ప్రపోజల్ రాయడం, ఎథిక్స్ కమిటీకి పెట్టడం, రిపోర్ట్ పంపడం అన్నీ చిన్న రూపంలో నేర్పిస్తుంది. సెలెక్ట్ కాకపోయినా ప్రపోజల్ రాసిన అనుభవం ఎటూ పోదు.

పీజీలో థీసిస్ ఎలాగూ తప్పనిసరి. చాలామంది దాన్ని పరీక్షకి ముందు వదిలించుకోవాల్సిన పనిగా చూస్తారు. డ్యూటీలు చూస్తే వాళ్లని తప్పుపట్టలేం. కానీ మన దగ్గర అవకాశం ఎంత ఉందో చూడండి. పురుగుమందు తాగిన కేసులు, గడ్డిమందు పారాక్వాట్ కేసులు, వడదెబ్బ, పాముకాటు. ఇవి పెద్ద నగరాల కార్పొరేట్ ఆస్పత్రుల్లో అరుదుగా చూసేవి, పత్తి, మిర్చి పండించే జిల్లాలకు పెద్దదిక్కైన ఆస్పత్రిలో మీ కళ్ల ముందుండేవి. పారాక్వాట్‌కి ఇప్పటికీ పక్కా విరుగుడు లేదు. దాని మీద జాగ్రత్తగా రాసిన వంద కేసుల వివరాలు, ఎక్కడో ఢిల్లీ టాపిక్‌ని కాపీ కొట్టిన థీసిస్ కంటే ఎన్నో రెట్లు విలువైనవి.

ఎథిక్స్ కమిటీ అనుమతి రాకముందు ఒక్క శాంపిల్ కూడా తీయొద్దు. మందు లేదా చికిత్సని పోల్చి చూసే అధ్యయనమైతే మొదటి పేషెంట్‌ని చేర్చకముందే క్లినికల్ ట్రయల్స్ రిజిస్ట్రీలో నమోదు చేయాలి, తర్వాత చేస్తామంటే ఒప్పుకోరు. సమ్మతి పత్రం తెలుగులో ఉండటం కూడా చాలదు, పేషెంట్‌కి అర్థమయ్యే తెలుగులో ఉండాలి. కోయ, గోండు, లంబాడా మాట్లాడేవాళ్లైతే చదివి వినిపించే మనిషి కావాలి.

ఇక్కడ సికిల్ సెల్ అనే వంశపారంపర్య రక్త జబ్బు గురించి చెప్పకుండా ఉండలేను. 2023 జూలై 1న మొదలైన జాతీయ మిషన్ 2047 నాటికి ఈ జబ్బుని నిర్మూలించాలని లక్ష్యం పెట్టుకుంది. ఆదిలాబాద్, ఆసిఫాబాద్, ములుగు గూడేలు పరిశోధకులకు ఆకర్షణీయమైన చోట్లు. శాంపిల్స్ తీసుకుంటారు, పేపర్ వస్తుంది, పీహెచ్‌డీ వస్తుంది. రక్తం ఇచ్చిన అమ్మాయికి తన రిపోర్ట్ ఏమైందో ఎవరూ చెప్పరు. ఆమె క్యారియరా (తనకి జబ్బు లేకున్నా పిల్లలకి అందించగలదా) కాదా అన్నది ఆమె పెళ్లికి, పుట్టబోయే పిల్లలకి సంబంధించిన సంగతి. గూడేనికి తిరిగి వెళ్లి ఫలితం చెప్పడానికి, జబ్బు ఉన్నవాళ్లని ఆస్పత్రికి కలపడానికి మీ బడ్జెట్‌లో, మీ టైమ్‌టేబుల్‌లో చోటు లేకపోతే ఆ టాపిక్ తీసుకోవద్దు. ఏ సంస్థలో ఉన్నా ఇదే నా మాట.

హైదరాబాద్ వెళ్లాల్సిందెప్పుడు

సీసీఎంబీ, ఐఐసీటీ (రసాయన శాస్త్ర సంస్థ), ఎన్ఐఎన్ (జాతీయ పోషకాహార సంస్థ), సెంట్రల్ యూనివర్సిటీ. అణుస్థాయి జీవశాస్త్రంలో, కొత్త మందుల రసాయన శాస్త్రంలో, పోషకాహార పరిశోధనలో వీటితో పోల్చదగ్గవి దేశంలోనే కొన్ని ఉంటాయి. మీ ప్రశ్నకి రోజూ పెద్ద మెషిన్ కావాలన్నా, ఆ రంగంలో నిష్ణాతులు పదిమంది చుట్టూ ఉండి రోజూ మీ పనిని విమర్శించడం కావాలన్నా వెళ్లండి. తర్వాత విదేశాల్లో పోస్ట్‌డాక్ (పీహెచ్‌డీ తర్వాతి పరిశోధన) చేయాలని గట్టిగా అనుకునేవాళ్లకి కూడా అక్కడి పరిచయాలు ఉపయోగపడతాయి. జేఆర్ఎఫ్ (నెట్ పరీక్షలో నెగ్గితే వచ్చే ఫెలోషిప్) లేకుండా మాత్రం తలుపు తెరుచుకోవడం కష్టం. కాజీపేట నుంచి రోజూ రైల్లో పోయి వస్తాననే ఆలోచన ఎం.ఎస్సీ. ప్రాజెక్ట్‌కి సరిపోతుందేమో గానీ, రాత్రి పదింటికి సెల్స్ చూసుకోవాల్సిన పీహెచ్‌డీకి సరిపోదు.

నిజామాబాద్‌లో తెలంగాణ యూనివర్సిటీ, కరీంనగర్‌లో శాతవాహన యూనివర్సిటీ కూడా ఉన్నాయి. మీకు నచ్చిన గైడ్ అక్కడుంటే నిస్సంకోచంగా చేరండి. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయం 2023 చివర్లో చట్టమై వచ్చింది, ఇంకా నిలదొక్కుకుంటోంది. గిరిజన ఆరోగ్యం మీద ఆసక్తి ఉన్నవాళ్లు దాని నోటిఫికేషన్లు గమనిస్తూ ఉండండి.

ఫెలోషిప్ లెక్క

2023 జనవరి నుంచి జేఆర్ఎఫ్ నెలకు రూ.37,000, రెండేళ్ల తర్వాత ఎస్ఆర్ఎఫ్ (సీనియర్ ఫెలోషిప్) అయితే రూ.42,000. ఇంటి అద్దె భత్యం దీనికి అదనం. నెట్ జేఆర్ఎఫ్ మీ సొంతం, ఏ యూనివర్సిటీలో చేరినా మీ వెంటే వస్తుంది. కాబట్టి జేఆర్ఎఫ్ ఉన్న విద్యార్థికి కేయూకి, నిట్‌కి జీతంలో తేడా దాదాపు ఉండదు. గైడ్ ప్రాజెక్టులో ఇచ్చే ఫెలోషిప్ అలా కాదు. ప్రాజెక్ట్ మూడేళ్లకి అయిపోతే అదీ ఆగిపోతుంది, మీ థీసిస్ అప్పటికి సగంలో ఉంటుంది. చేరేముందు "ప్రాజెక్ట్ ఎప్పటిదాకా ఉంది, ఆ తర్వాత ఏం చేద్దాం?" అని మర్యాదగానే, కానీ సూటిగా అడగండి. మంచి గైడ్ ఈ ప్రశ్నకి నొచ్చుకోరు.

జేఆర్ఎఫ్ రానివాళ్లు నిరాశపడనక్కర్లేదు. 2024 జూన్ నుంచి యూజీసీ నెట్‌లో పీహెచ్‌డీ అడ్మిషన్‌కి మాత్రమే పనికొచ్చే అర్హత కూడా పెట్టారు. ఆ కేటగిరీలో నెట్ మార్కులకి 70 శాతం, ఇంటర్వ్యూకి 30 శాతం వెయిటేజీ. ఎం.ఎస్సీ.లో యూనివర్సిటీ ఫస్ట్ వచ్చినవాళ్లకి ఇన్‌స్పైర్ ఫెలోషిప్ ఉంది. ఎస్సీ, ఎస్టీ, ఓబీసీ విద్యార్థులకి జాతీయ ఫెలోషిప్‌లు వేరే ఉన్నాయి. ఫెలోషిప్ ఏదీ లేకుండా ఫుల్‌టైమ్ చేరాలంటే మాత్రం ఇంట్లో వాళ్లతో కూర్చుని నాలుగేళ్ల ఖర్చు కాగితం మీద వేసుకోండి. ఇంకో ఏడాది నెట్‌కి చదవడం చాలాసార్లు మంచి నిర్ణయమవుతుంది. లెక్చరర్ ఉద్యోగంలో ఉన్నవాళ్లు యాజమాన్యం నుంచి ఎన్ఓసీ (అభ్యంతరం లేదన్న పత్రం) తెచ్చుకుని పార్ట్‌టైమ్ చేయొచ్చు, అయితే రసాయనాలు, శాంపిల్స్‌తో చేసే తడి ల్యాబ్ టాపిక్ కంటే డేటా, సర్వే టాపిక్ తీసుకోవడం మంచిది.

గైడ్‌ని ఎలా చూసుకోవాలి

పెళ్లి సంబంధం అనగానే అటేడు తరాలు, ఇటేడు తరాలు ఆరా తీసే మనం, ఐదేళ్లు రోజూ ఎదురుపడాల్సిన గైడ్ గురించి ఒక్క ఫోన్ కూడా చేయం. నా దృష్టిలో ఎంపిక మొత్తంలో ఇదే ముఖ్యమైనది. శోధ్‌గంగ వెబ్‌సైట్‌లో ఆ గైడ్ దగ్గర పూర్తయిన థీసిస్‌లు ఉచితంగా దొరుకుతాయి. రెండు మూడు తీసి చూడండి. టాపిక్‌లు ఒకదాని నుంచి ఒకటి పెరుగుతూ వచ్చాయా, లేక మొక్క పేరు మార్చి అదే పరీక్షలు మళ్లీ చేశారా? పాత స్కాలర్లు ఎన్నేళ్లకి బయటపడ్డారు? ఇప్పుడు ఏం చేస్తున్నారు? పేపర్లలో మొదటి పేరు స్కాలర్‌దేనా? మధ్యలో మానేసినవాళ్లు ఉంటే ఎందుకు మానేశారు? ఈ చివరి ప్రశ్నకి జవాబు డిపార్ట్‌మెంట్‌లో దొరకదు. సీనియర్‌ని క్యాంటీన్‌కి తీసుకెళ్లి అడగాలి.

రిటైర్మెంట్ తేదీ కూడా తెలుసుకోండి. సర్వీసు మూడేళ్లలోపే మిగిలి ఉన్నవారు కొత్త స్కాలర్లని తీసుకోకూడదని యూజీసీ నిబంధన. పీహెచ్‌డీకి కనీసం మూడేళ్లు, గరిష్ఠంగా ఆరేళ్లు, రీ-రిజిస్ట్రేషన్‌తో ఇంకో రెండేళ్లు. ఆడవాళ్లకి అదనంగా రెండేళ్ల సడలింపు, మొత్తం మీద 240 రోజుల వరకు ప్రసూతి, శిశు సంరక్షణ సెలవు ఉన్నాయి. ఈ సంగతి తెలియక పెళ్లవగానే, కాన్పు రాగానే రీసెర్చ్ మానేసే అమ్మాయిలున్నారు. గైడ్‌కీ తెలియకపోతే నిబంధన కాపీ తీసి చూపించండి. అమ్మాయిలు ఇంకో విషయం చూసుకోవాలి. రాత్రి ల్యాబ్‌లో ఉండాల్సి వస్తే హాస్టల్ గేట్ ఎప్పుడు మూస్తారు, తోడు ఎవరుంటారు, అంతర్గత ఫిర్యాదుల కమిటీలో ఎవరున్నారు. ఇలాంటివి అడగడానికి మొహమాటపడితే తర్వాత ఇబ్బందిపడేది మనమే.

పబ్లికేషన్ల గురించి గైడ్ ఏం మాట్లాడతారో కూడా వినండి. థీసిస్ ఇవ్వడానికి ముందు పేపర్ తప్పనిసరి అన్న షరతుని యూజీసీ 2022లో తీసేసింది, అయినా యూనివర్సిటీ సొంతంగా పెట్టుకోవచ్చు కాబట్టి అక్కడి రూల్ అడగండి. మంచి జర్నళ్ల పేర్లిచ్చే యూజీసీ-కేర్ జాబితాని 2025లో ఆపేశారు. దాంతో ఏ జర్నల్ మంచిదో తేల్చుకునే బాధ్యత మన మీదే పడింది. "వారంలో పబ్లిష్ చేస్తాం, ఇంత కట్టండి" అనే మెయిళ్లకి డబ్బు పంపే ల్యాబ్‌లో చేరొద్దు. ఆ పేపర్లు ఇంటర్వ్యూలో మిమ్మల్ని కాపాడవు.

ఇవన్నీ చూసుకున్నాక గైడ్‌కి మెయిల్ రాయండి. "రెస్పెక్టెడ్ సర్, ఐ యామ్ ఇంటరెస్టెడ్ ఇన్ యువర్ రీసెర్చ్" అని అందరికీ ఒకే మెయిల్ పంపితే తెరవకుండానే పక్కన పడేస్తారు. వారి పేపర్ ఒకటి చదివి, అందులో మీకు అర్థం కానిది గానీ, ఇంకా మిగిలిపోయిందనిపించింది గానీ రెండు వాక్యాల్లో రాయండి. మీ ప్రశ్న ఏమిటో మూడు వాక్యాల్లో, మీకు చేతనైన టెక్నిక్‌లు ఒక వాక్యంలో, ఫెలోషిప్ ఉందో లేదో ఒక వాక్యంలో. రెండు వారాల్లో జవాబు రాకపోతే ఇంకోసారి గుర్తుచేసి, అప్పటికీ రాకపోతే నేరుగా డిపార్ట్‌మెంట్‌కి వెళ్లండి. క్లాసులు లేని మధ్యాహ్నం వెళ్తే మాట్లాడటానికి తీరిక ఉంటుంది. మెయిల్ ప్రింట్ తీసుకెళ్లండి, గైడ్‌తో మాట్లాడటం అయ్యాక వెంటనే వచ్చేయకుండా, ల్యాబ్ ఒకసారి చూడొచ్చా అని అడిగి, అక్కడ పనిచేస్తున్నవాళ్లతో పది నిమిషాలు మాట్లాడండి.